రోహిణి కార్తెలో మిద్దెతోట: తొలకరికి ముందు ఏది ఉంచాలి, ఏది పీకాలి

మే మూడో వారం దాటిందంటే మిద్దెతోట పెంచేవాళ్లు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "మొక్క పచ్చగానే ఉందండీ, పూత కూడా వస్తోంది, కాయే నిలవడం లేదు. ఏం వెయ్యమంటారు?"

ఏమీ వెయ్యొద్దు. పగలు 40 డిగ్రీల ఎండ, రాత్రయినా చల్లారని శ్లాబు. ఈ వేడికి టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పూత రాలిపోతుంది. వంగ, మిరప ఇంకాస్త ఓర్చుకుంటాయి కానీ వాటికీ ఒక హద్దు ఉంది. ఇది ఎరువు లోపం కాదు. పైగా ఇప్పుడు ఎరువు గుప్పిస్తే ఉన్న వేళ్లు కూడా మాడతాయి.

వేసవి చివర్లో మొక్కల కన్నా మట్టితోనే పని ఎక్కువ. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అని భయపడే ఆ రెండు వారాలే మట్టి బాగుచేసుకోవడానికి ఏడాది మొత్తంలో మంచి సమయం. పోయే ప్రాణాన్ని పట్టుకుని వేలాడకుండా ఏ మొక్క ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేసి, మట్టి పనిలో పడండి.

హైదరాబాద్ మేడలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విజయవాడ, విశాఖ వైపు ఉక్కపోత ఎక్కువ కాబట్టి బూజు తెగుళ్ల మీద కాస్త ఎక్కువ కన్నేయాలి, మిగతాదంతా ఇదే పద్ధతి. అమెరికాలో పెరటితోట వేసుకున్న మనవాళ్లకు వేసవి చివర అంటే సెప్టెంబరు, వాళ్లు వాన కోసం ఎదురుచూడరు, మంచుకు భయపడతారు. వాళ్లు ఇది చదివి వంగ మొక్కలు నరుక్కోవద్దు.

కావలసినవి

- పదునైన కత్తెర, దాన్ని తుడవడానికి స్పిరిట్ లేదా శానిటైజర్
- పారదర్శకమైన పాలిథిన్ షీటు (నల్లది కాదు)
- బాగా మాగిన పశువుల ఎరువు, లేకపోతే వర్మీకంపోస్ట్
- వేపపిండి, ట్రైకోడెర్మా విరిడి పొడి (మట్టికి మేలు చేసే బూజు)
- వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం, చేతి స్ప్రేయర్
- ఒక ఇనుప చువ్వ లేదా పాత స్క్రూడ్రైవర్
- కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) కొద్దిగా, తొట్లలో మట్టి పైన పరవడానికి ఎండుటాకులు ఎన్ని దొరికితే అన్ని
- చేతి తొడుగులు. ఎండాకాలంలో తొట్ల కింద చల్లదనం కోసం జెర్రులు, తేళ్లు చేరతాయి. తొట్టి జరిపే ముందు కర్రతో ఒకసారి తట్టండి.

పని పొద్దున 8 లోపు, లేదా సాయంత్రం 5 తర్వాతే. వడదెబ్బ తగిలించుకుని చేసే తోటపని ఎవరికీ అక్కర్లేదు.

1. ముందు నీళ్లు సరిచేయండి

పొద్దున ఎండ ముదరకముందే పూర్తిగా తడపండి, చిన్న తొట్లకు సాయంత్రం మళ్లీ పోయండి. పైపులో నిలిచిన నీళ్లు సలసలా కాగి ఉంటాయి. మొదట వచ్చే వేడి నీళ్లను బకెట్లోకి వదిలి, చల్లటివి వచ్చాకే మొక్కకు పట్టండి. మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లకైతే పొద్దుటి పూటే దిక్కు.

మధ్యాహ్నం ఆకులు వాలిపోతే కంగారుపడి నీళ్లు పోస్తారు. సాయంత్రం 6 తర్వాత చూడండి. ఆకులు తిరిగి నిలబడితే మొక్క ఎండకు కాసేపు తల దించుకుందంతే. మట్టి తడిగా ఉండి, సాయంత్రానికీ ఆకు లేవకపోతే మాత్రం సమస్య వేళ్లలో ఉంది. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే కుళ్లు తొందరపడుతుంది.

తేమ చూడ్డానికి వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టండి. పైన పొడిగా కనిపించడం ఈ కాలంలో మామూలే. మరీ ఎండిపోయిన కోకోపిట్ మట్టి నీళ్లు పీల్చుకోదు, పోసినవి తొట్టి అంచుల వెంబడే కిందికి జారిపోతాయి. కింద నీళ్లు కారాయి కదా, తడిసిందనుకుంటాం, మధ్యలో చూస్తే పిండిలా ఉంటుంది. అలాంటి తొట్టికి పది నిమిషాల తేడాతో కొంచెం కొంచెంగా మూడుసార్లు పోయండి.

2. మొక్కలను విడదీయండి

ఇక్కడే అందరూ ఆగిపోతారు. నాలుగు నెలలు పెంచిన మొక్కను పీకాలంటే చెయ్యి రాదు. కానీ ఒక్కో తొట్టి దగ్గరా నిలబడి, ఇది ఉంటుందా, కత్తిరించాలా, పోతుందా అని తేల్చాల్సిందే.

ఉంచేవి: కరివేపాకు, దొండ, బచ్చలి, మునగ, ఆరోగ్యంగా ఉన్న మిరప. వీటిలో ఏదైనా చచ్చినట్టు కనిపిస్తే కాండాన్ని గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పైనుంచి కిందికి గీరుతూ వస్తే ఎక్కడిదాకా ఎండిందో తెలుస్తుంది, అక్కడ కత్తిరించండి.

కత్తిరించేవి: ముఖ్యంగా వంగ. ఏడాది లోపు మొక్క, కాండం గట్టిగా ఉండి, వేళ్లు బాగుంటే నేల నుంచి అడుగు ఎత్తుకు కోసేయండి. మూడు నాలుగు కొమ్మలు, వాటి మీద కొన్ని ఆకులు మిగలాలి. పది పదిహేను రోజుల్లో కొత్త చిగుళ్లు వస్తాయి, నెలన్నర దాటాక మళ్లీ కాపు. అయితే ఈ కోత రోహిణి ఎండలో వద్దు. ఆకు నీడ పోయిన కాండానికి నేరుగా ఎండ తగిలి బెరడు చిట్లుతుంది. మబ్బులు పట్టి, ఎండ 36, 37కు దిగాక, సాయంత్రం పూట కోయండి. ఇప్పుడు చేయగలిగింది ఎండిన కొమ్మలు, పండుటాకులు, పుచ్చిన కాయలు తీసేయడం వరకే.

మిరపను వంగలా నరకొద్దు. కొసలు నాలుగైదు అంగుళాలు తీస్తే చాలు. పుదీనాను మాత్రం మొదలుకంటా కోసేయొచ్చు, నీడలో పెడితే దాని ప్రాణం గట్టిది. కాపు అయిపోయిన మునగను తొలకరికి మూడు అడుగుల ఎత్తులో కొట్టేయండి, లేకపోతే కాయలు పక్కింటివాళ్లకే అందుతాయి.

పీకేవి: టమాటా. దీని మీద జాలి వద్దు. ఎండకు ఓడిన టమాటాను తొలకరి దాకా బతికించి సాధించేది ఆకుమచ్చలే. బెండ, దోస, గోరుచిక్కుడు కూడా కాపు అయిపోతే తీసేయండి. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా వల వేసినట్టు మారితే అది శంఖు రోగం, వైరస్. మందు లేదు. మిరపలో ఆకులు ముడుచుకున్నంత మాత్రాన పీకేయొద్దు, ముందు ఎటు ముడుచుకున్నాయో చూడండి. పైకి దొన్నెలా ముడిస్తే తామర పురుగు పని, కిందికి ముడిస్తే నల్లి పని. ఆ రెండింటినీ వేపనూనెతో, నీళ్ల ధారతో అదుపు చేయొచ్చు. ఆకు చిన్నదై, గిడసబారి, మొక్క పొట్టిగా గుత్తిలా అయిపోతే అది వైరస్సే. తీసేయండి.

పీకడం తెల్లవారుజామున అయితే మేలు. చల్లటి పూట వైరస్‌ను మోసే తెల్లదోమ అంత చురుగ్గా ఎగరదు. మొక్క మీద పెద్ద కవరు నెమ్మదిగా తొడిగి, మొదట్లో కట్టి, అప్పుడు లాగండి. మిట్టమధ్యాహ్నం దులిపి దులిపి పీకితే దోమ మొత్తం పక్క మొక్కల మీదికి చేరుతుంది.

3. పీకిన ప్రతి మొక్క వేరూ చూడండి

అరనిమిషం పని, కానీ ఎవరూ చేయరు. వేళ్ల మీద ముడులు ముడులుగా, చిన్న చిన్న బుడిపెల దండలా కనిపిస్తే మట్టిలో నులిపురుగులు (కంటికి కనిపించని నెమటోడ్లు) ఉన్నట్టు. ఎంత ఎరువు వేసినా ఆ మొక్క ఎందుకు ఎదగలేదో అప్పుడు తెలుస్తుంది. చిక్కుడు, బొబ్బర్ల వేళ్లకు కూడా బుడిపెలుంటాయి, అవి మంచివి. తేడా సులువు: మంచి బుడిపెను గోటితో గిల్లితే వేరు నుంచి ఊడి వస్తుంది, నులిపురుగు ముడి వేరులోనే కలిసిపోయి ఉంటుంది, ఊడదు.

ముడులున్న వేళ్లను కంపోస్టులో వేయొద్దు, ఎండబెట్టి చెత్త బండికి ఇచ్చేయండి. శంఖు రోగం వచ్చిన బెండను మాత్రం పూర్తిగా ఎండాక కంపోస్టులో వేసుకోవచ్చు. ఆ వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ, మట్టి కాదు. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు: వైరస్ వచ్చిందని మంచి మట్టి పారబోస్తారు, ముడులున్న మట్టిలో మళ్లీ టమాటా నాటతారు.

4. మట్టికి ఎండ పట్టించండి

ముడులు కనిపించిన మట్టికి, నారు కుళ్లిన మట్టికి ఇది తప్పనిసరి. మిగతా మట్టికి చేస్తే మంచిదే.

తొట్లలోంచి మట్టి తీసి పాత వేళ్లు ఏరేయండి. మట్టిని తడపండి, చేతికి అంటుకునేంత తడి ఉండాలి. నాలుగైదు అంగుళాల మందంతో పరిచి, పైన పారదర్శకమైన షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి గాలి దూరకుండా చేయండి. వారానికి ఒకసారి తిరగేయండి, తడి తగ్గితే చిలకరించండి.

పొడి మట్టిని ఊరికే ఆరబోసి ఎండ పట్టించామనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. తడి ఉంటేనే వేడి లోపలిదాకా పాకుతుంది. నల్ల షీటైతే తానే వేడెక్కుతుంది తప్ప మట్టికి అంత చేరనివ్వదు.

పొలాల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచమంటారు. మే చివర్లో మొదలుపెట్టే మనకు అంత సమయం లేదు. కానీ కింద కాలే శ్లాబు, పైన ఎండ, పలుచటి పొర కాబట్టి రెండు మూడు వారాలకూ బాగానే ఉపయోగం ఉంటుంది. మధ్యాహ్నం 2 గంటలకు షీటు ఎత్తి చెయ్యి లోపల పెట్టి చూడండి. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే పని జరుగుతున్నట్టే. మధ్యలో మబ్బు పడితే ఇక సాగదీయొద్దు, ఎత్తేయండి.

షీటు పరచడానికి చోటు లేదా? తడి మట్టిని పారదర్శకమైన సంచుల్లో సగానికి నింపి, మూతి కట్టి, పిట్టగోడ పక్కన ఎండలో పడుకోబెట్టండి.

5. బోరు నీళ్ల ఉప్పు కడగండి

తొట్టి అంచున, మట్టి పైన తెల్లటి పొర కట్టిందా? వేసవంతా బోరు నీళ్లు పోసినందుకు మిగిలిన ఉప్పు అది. ఉంచుతున్న మొక్కలకు ఇది ముఖ్యం. పైన ఒక అంగుళం మట్టి గీకి తీసేయండి. తర్వాత తొట్టి ఎంత పడుతుందో దానికి రెండింతల నీళ్లు నిదానంగా పోసి కిందినుంచి పోనివ్వండి. 20 లీటర్ల బకెట్ అయితే 40 లీటర్లు. నల్లా నీళ్లు దొరికితే వాటితోనే. నీటి కొరత ఉంటే ఈ పని మానేయండి, నాలుగు మంచి వానలు ఉచితంగా చేసిపెడతాయి. కడిగాక మట్టిలో సారం కూడా కొంత పోతుంది. అందుకే ఎరువు దీని తర్వాతే.

6. మట్టికి బలం

పాత మట్టి మూడు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గట్టిపడిన మట్టి అయితే కొంచెం కోకోపిట్. 20 లీటర్ల తొట్టికి ఒక గుప్పెడు వేపపిండి. కోకోపిట్ దిమ్మెను ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండేయండి, దాన్లోనూ ఉప్పు ఉంటుంది.

ట్రైకోడెర్మాను నేరుగా చల్లేస్తే పెద్దగా ఫలితం ఉండదు. రైతులకు చెప్పే లెక్క 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. మనకు 9 కిలోలు, 1 కిలో, 200 గ్రాములు చాలు. కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచండి. తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు పాకితే సిద్ధమైనట్టు. ఇది ఎండ పట్టించడం పూర్తయిన తర్వాతే కలపాలి. ముందే కలిపి షీటు కింద పెడితే డబ్బు పెట్టి కొన్న మేలు బూజునే ఉడకబెట్టినట్టు.

పచ్చి పేడ వద్దు. మాగని ఎరువుతో వేరుపురుగు వస్తుంది. ఎరువు కలిపేటప్పుడు వంకర తిరిగిన లావాటి తెల్ల పురుగులు కనిపిస్తే ఏరేయండి. వాసన చూస్తే చాలు: మాగిన ఎరువు పేడ వాసన రాదు, తడిసిన మట్టి వాసన వస్తుంది.

మట్టి కుదిరిందా లేదా అన్నది పిడికిలి చెబుతుంది. తడి మట్టిని గట్టిగా పిడికిట పట్టి వదలండి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ముద్ద విడిపోకపోతే బంకమన్ను ఎక్కువ, అసలు కట్టకపోతే కోకోపిట్ ఎక్కువ. కలిపిన మట్టిని తొట్లలో నింపి, తడిపి వారం పది రోజులు వదిలేసి, ఆ తర్వాతే విత్తండి.

7. రంధ్రాలు, తూములు, బరువు

మొదటి పెద్ద వానకి మొక్కలు చచ్చేది నీళ్లు నిలవడం వల్లే. ప్రతి తొట్టి అడుగున చువ్వ పెట్టి రంధ్రాలు పొడవండి. ఖాళీ చేయని తొట్టిలో రెండు లీటర్ల నీళ్లు ఒక్కసారిగా పోయండి. రెండు మూడు నిమిషాల్లో పైన నీళ్లు ఇంకిపోయి కింద కారాలి. అలా జరగకపోతే వేళ్లు అడుగున చాప అల్లేసి ఉంటాయి, ఆ తొట్టి విప్పాల్సిందే.

గ్రో బ్యాగులను పిడి పట్టుకుని ఎత్తొద్దు, రెండు వేసవులు చూసిన బ్యాగు చేతికే ఊడి వస్తుంది. గోటితో గీకితే పొడి రాలుతోందంటే ఈ వానాకాలం గడవదు.

మేడ మీది తూముల జాలీలు ఎండుటాకులతో నిండి ఉంటాయి. వాటిని తీసి కడగండి. అడ్డంగా ఉన్న తొట్లు జరపండి. లీకేజీకి తోటను తిట్టే ఇంటాయన ఉంటే ఈ పని ఆయన చూస్తుండగా చేయడం మంచిది.

తడిసిన మట్టి బరువు తేలిగ్గా తీసుకోవద్దు. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి నింపితే వాన తర్వాత నూరు కిలోలు దాటుతుంది. అలాంటివి శ్లాబు నడిమధ్యలో కాకుండా కింద గోడ, దూలం వెళ్లే వరసలోనే ఉండాలి. తొట్ల కింది పళ్లేలు వానాకాలం మొత్తం తీసేయండి. దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు, డెంగీ దోమకు పళ్లెంలో నీళ్లే ఎక్కువ.

8. షేడ్ నెట్, ఈదురుగాలి

తొలకరి ముందు వచ్చే గాలిదుమారానికి నెట్ తెరచాపలా మారి, కట్టిన గుంజలతో సహా లేస్తుంది. ఒక వైపు ముడులు తేలిగ్గా ఊడేలా కట్టుకోండి, మబ్బు కమ్మగానే చుట్టేయొచ్చు. ఉరుము వినిపిస్తే నెట్ సంగతి వదిలేసి కిందికి దిగండి. ఈ వానలకు పిడుగులు ఎక్కువ.

నెట్ ఒకేసారి పూర్తిగా తీసేస్తే నీడకు అలవాటుపడిన ఆకులు ఒక్కరోజులో తెల్లగా మాడతాయి. ముందు పొద్దుటి ఎండ వైపు తీయండి, నాలుగైదు రోజులకు మిగతాది.

9. పురుగు వానకు ముందే తగ్గాలి

ఎర్రనల్లి ఉందో లేదో చూడాలంటే తెల్ల కాగితం మీద ఆకును తట్టండి. పడిన చుక్కలు నడిస్తే ఉన్నట్టే. ఆకు అడుగుకు తగిలేలా నీళ్ల ధార రోజు విడిచి రోజు కొట్టండి. పిండినల్లికి కూడా మొదటి మందు నీళ్ల ధారే. కానీ చీమలను వదిలేస్తే లాభం లేదు, అవే పిండినల్లిని కొమ్మ కొమ్మకూ మోస్తాయి.

వేపనూనె లీటరుకు 5 మి.లీ. నూనెలో సబ్బు ద్రావణం ముందు కలిపి తెల్లగా అయ్యాకే నీళ్లు పోయండి. నీళ్ల మీద నూనె తేలుతుంటే కొట్టొద్దు, ఆకు కాలుతుంది. సూర్యుడు దిగాకే కొట్టండి. ముందు రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు చూసుకుంటే ఇంకా మంచిది.

10. విత్తనం

ఎండాకాలం అలమరాలో వేడికి ఉన్న విత్తనాన్ని నమ్మొద్దు. పది గింజలు తడిగుడ్డలో కట్టి ఉంచండి. ఏడు కన్నా తక్కువ మొలిస్తే కొత్తవి కొనండి. బెండకు రాత్రంతా, బీర, సొరకు ఎనిమిది పది గంటలు, కాకరకు ఒక రోజు నానబెట్టాలి. కాకర గింజ మొనను కొంచెం చిదిపితే త్వరగా మొలుస్తుంది. జగిత్యాల లాంగ్ బీర, భాగ్యమతి వంగ లాంటి సూటి రకాలు (హైబ్రిడ్ కానివి) దొరికితే తెచ్చుకోండి, గింజ మీరే దాచుకోవచ్చు. హైబ్రిడ్ కాయ గింజ దాచి ప్రయోజనం లేదు.

ఒక్క జల్లు పడగానే అన్నీ విత్తేయొద్దు. తర్వాత వారం ఎండ కొడితే మొలక మాడుతుంది. నీళ్లు పోసే ఓపిక, నీడ ఉంటే తోటకూర, గోంగూర, బచ్చలి మే చివర్లోనే వేయొచ్చు. బీర, సొర, కాకర, బెండ, గోరుచిక్కుడు జూన్ రెండో వారం నుంచి. టమాటా, వంగ, మిర్చి నారు జూన్‌లో పోసుకుంటే నెల తర్వాత నాటుకోవచ్చు. నారు ట్రేలను వానకు వదలొద్దు, కుళ్లిపోతుంది. కొత్తిమీర, పాలకూర కొంచెం చల్లబడేదాకా ఆగనివ్వండి.

సొరకు 60 లీటర్లకు తక్కువ కాని తొట్టి ఉండాలి. బీర, కాకర 40లో సర్దుకుంటాయి. కిందటిసారి వంగ, టమాటా, మిర్చి పెరిగిన మట్టిలో మళ్లీ ఆ మూడింట్లో ఏదీ వద్దు, మూడూ ఒకే కుటుంబం. చిక్కుడో ఆకుకూరో వేయండి.

దొండకు గింజతో పనిలేదు. పెన్సిల్ లావు తీగను మూడు నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చితే తొలకరి తేమకు పట్టుకుంటుంది.

మొదటి వాన పడిన మర్నాడు

మేడెక్కి తొట్లన్నీ చూడండి. నీళ్లు నిలిచిన తొట్టిని ఇటుక మీదికి వాల్చి, చువ్వతో మళ్లీ పొడవండి. మట్టి రెండు మూడు అంగుళాలు కుంగి ఉంటుంది, కలిపి పెట్టుకున్న మట్టి పైన పోయండి, కానీ కాండం మొదలు కప్పేయొద్దు. ఎండుటాకులు మొదట్లో కుప్పగా ఉంటే కొంచెం దూరం జరపండి. వంగ కోత ఇప్పుడు. కోసిన వారానికి, చిగురు కనిపించాక, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్.

జూన్‌లో పందిరి చిక్కుడు పెట్టినవాళ్లు ఆగస్టులో మళ్లీ అడుగుతారు, తీగ మేడంతా పాకింది, ఒక్క పువ్వూ లేదేమని. నాటు చిక్కుడు పగలు పొట్టిదైతే తప్ప పూయదు. చలి మొదలయ్యేదాకా దానికి నత్రజని ఎరువులు వేయకుండా ఆగండి.